అడ్డమునకు నిలువు సాక్షి

ప్రహేళిక మనకు క్రొత్తది కాదు. వాత్స్యాయనుడు దానిని కళలలో నొకటిగా నెన్నెను. దండి కావ్యాదర్శమునందు పదునాఱు విధముల ప్రహేళికలను వివరించెను. గళ్లలో అక్షరములు నింపెడి పదప్రహేళిక మాత్రము ఇటీవలిది. ఆర్థర్ విన్ అను ఆంగ్లేయుడు 1913 డిసెంబరు 21వ తేదీని న్యూయార్క్ వరల్డ్ పత్రికలో దానిని ప్రకటించెను.

ఈ వినోదమున చరిత్రజ్ఞానమునకు పని గలదు. “కాకతీయ ప్రభువు, అయిదక్షరములు” అని ఆధార మున్నదనుకొందము. రుద్రదేవుడు అని వ్రాయవచ్చును; ఆతని తమ్ముడు మహాదేవుడును అయిదక్షరములవాడే. చివరి మూడక్షరములు ఇరువురకును సమానము. మొదటి రెండు గళ్లను ఖండించుచు దిగు నిలువు పదములే తీర్పు చెప్పవలెను. గళ్లలో నిమిడినంత మాత్రమున ఏ పేరును సత్యము కాదు. వేఱొక పదము ఆ యక్షరమునే కోరినప్పుడే దానికి ప్రామాణ్యము.

ఈ న్యాయము ఎంత విలువైనదో 1944వ సంవత్సరమున ఇంగ్లండులో జరిగిన యుదంతము తెలుపును. లియోనార్డ్ డా అను ప్రధానోపాధ్యాయుడు డెయిలీ టెలిగ్రాఫ్ పత్రికకు ప్రహేళికలు కూర్చుచుండెను. ఆ యేటి మే మాసమున ఆయన గళ్లలో యూటా, ఒమాహా, ఓవర్లార్డ్, మల్బరీ అను పదములును, జూన్ 1వ తేదీని నెప్ట్యూన్ అను పదమును కనబడినవి. జూన్ 6వ తేదీని మిత్రసైన్యములు నార్మండీ తీరమున దిగినవి. ఈ యైదును ఆ దండయాత్రకు సంబంధించిన రహస్యనామములే!

ప్రభుత్వ గూఢచారశాఖవారు వచ్చి ఆ యుపాధ్యాయుని ప్రశ్నించిరి. శత్రువునకు రహస్యము చేరవేసినవానికి ఆ దినములలో మరణశిక్ష విధించుచుండిరి. అడ్డుగళ్లన్నియు నిండినవి, ద్రోహి యను మాట చక్కగా నమరినది. అయినను దానిని బలపఱచు నిలువు సాక్ష్యము ఒక్కటియు దొరకలేదు. ఆయనను విడిచిపెట్టిరి.

నలువది యేండ్లు గడచిన పిదప, 1984లో, ఆయన పూర్వవిద్యార్థి యొకడు నోరు విప్పెను. ఉపాధ్యాయుడు ఖాళీగళ్లను పిల్లలచే నింపించి, తరువాత ఆ పదములకు ఆధారములు వ్రాసికొనెడివాడట. పాఠశాల సమీపమున విడిసిన సైనికుల నోట వినిన మాటలను ఈ బాలుడే గళ్లలో వ్రాసెనట. కథ ఎంతో పొందికగా నున్నది. కాని మునుపటి యనుమానమును పొందికగానే యుండెను గదా! ఒక్కని జ్ఞాపకమును సైతము వేఱొక సాక్ష్యముతో సరిచూచుటయే చరిత్రకారుని ధర్మము.

పేర్లను, తేదీలను వల్లించిన బాలుడు గళ్లను వేగముగా నింపును. అక్షరము పొసగనప్పుడు తాను వ్రాసినదానిని సిగ్గుపడక తుడిచివేయు బాలుడే చరిత్ర నేర్చినవాడని, ఇన్నేండ్లు పాఠము చెప్పిన పిమ్మట నాకు తోచుచున్నది. ఇది బడికే పరిమితమైన పాఠము కాదు. పొరుగింటి యాడుబిడ్డను గూర్చి వీధిలో వినిన మాట మన యనుమానమునకు సరిగా నమరిన దినమున, దానిని నమ్మకముందు నిలువు పదమును వెదకుదము. అది దొరకువఱకు ఆ గడిని ఖాళీగా నుంచుటలో అవమాన మేమియు లేదు.