విజయపురి

క్రీ.శ. 3వ శతాబ్దిలో వెలిగిన ఇక్ష్వాకుల రాజధాని. నేటి పల్నాడులో, కృష్ణ కుడి ఒడ్డున, మూడు పక్కల నల్లమల కొండలు, నాలుగో పక్క నది కాపలాగా ఉన్న లోయలో వెలసింది. ఇప్పుడు నాగార్జునకొండగా ప్రసిద్ధం.

శాతవాహనుల తరువాత వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు ఈ రాజ్యాన్ని నెలకొల్పి అశ్వమేధం చేశాడు. రాజు వైదికుడైనా అంతఃపుర స్త్రీలు బౌద్ధాన్ని పోషించారు. మహాచైత్యాన్ని అతని సోదరి శాంతిశ్రీ, అతని కుమారుడు వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో పూర్తి చేయించింది. ఉపాసిక బోధిశ్రీ శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, సింహళం పేర్లున్నాయి. ఎహువల శాంతమూలుని కాలంలో కార్తికేయునికీ, అష్టభుజస్వామికీ గుళ్లు వెలిశాయి.

నగర కళలో అన్నిటికన్నా విశిష్టమైనవి ఛాయాస్తంభాలు. చనిపోయినవారి జ్ఞాపకార్థం నిలిపిన ఈ రాతి స్తంభాలు రాజులకే పరిమితం కాలేదు. సైనికులకూ, చేతిపనివారి పెద్దకూ నిలిపారు. పనివానికి రాజుతో సమంగా రాతిలో చోటివ్వడం ఈ ఊరి గొప్పదనం. రాజప్రాసాద స్థలంలో దొరికిన స్తంభంపై గ్రీకుల మద్యదేవత డయోనిసస్ ఉన్నాడు: చిరుగడ్డం, అర్ధనగ్న దేహం, చేతిలో పానపాత్రగా కొమ్ము, పక్కన పీపా. రోము వర్తకం ఇంత లోపలికి వచ్చిందనడానికి లేత ఆకుపచ్చ జీర గల పల్నాటి సున్నపురాయిలో చెక్కిన ఈ రూపమే సాక్షి. నాలుగు వైపులా మెట్ల వరుసలున్న రంగస్థలం మరో అపురూపమైన కట్టడం.

రుద్రపురుషదత్తునితో వంశం ముగిసింది. తరువాత పల్లవులు వచ్చారు. మధ్యయుగంలో కొండపై కోట వెలిసింది.

1926లో స్థానిక ఉపాధ్యాయుడు సూరపరాజు వెంకటరామయ్య ఇక్కడ ఒక ప్రాచీన స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలిపాడు. 1927-31లో లాంగ్‌హర్స్ట్, 1938-40లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వించారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేయడంతో లోయ మునిగిపోవడం ఖాయమైంది. అంతకుముందే మొదలుపెట్టి, 1954-60లో ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. తొమ్మిది కట్టడాలను రాయి రాయి విప్పి కొండపై తిరిగి నిలిపారు. రంగస్థలాన్ని ఒడ్డున అనుపులో పునర్నిర్మించారు. నీళ్లు పైకొచ్చేలోగా సాగిన ఆ శ్రమ మన పురావస్తు చరిత్రలో సాటిలేనిది. శిల్పాలను ఉంచిన మ్యూజియం 1966లో తెరుచుకుంది.

కనిగిరి మీదుగా సాగే 565వ జాతీయ రహదారిపై ఎర్రగొండపాలెం, మాచర్ల దాటితే విజయపురి సౌత్ చేరవచ్చు. అక్కడినుంచి, ఇప్పుడు ద్వీపంగా మిగిలిన కొండకు లాంచీలో వెళ్లాలి. మ్యూజియానికి శుక్రవారం సెలవు.