కోల్‌కతా డెర్బీ

కోల్‌కతా డెర్బీ అనగా పశ్చిమ బెంగాల్ రాజధాని కోల్‌కతా నగరానికి చెందిన మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అను రెండు ఫుట్‌బాల్ క్లబ్బుల మధ్య జరిగే పోటీ. ఒకే పట్టణంలోని రెండు జట్ల మధ్య జరిగే ఆటను డెర్బీ అని పిలవడం ఇంగ్లండు నుండి వచ్చిన వాడుక. బెంగాలీలు దీనిని "బొరో మ్యాచ్", అంటే పెద్ద మ్యాచ్, అంటారు. 1921లో మొదలైన ఈ పోటీ నూరేళ్ళు దాటి నేటికీ కొనసాగుతున్నది. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో బండలాగుడు పందేలు చూసినవారికి ఈ ఉద్వేగం కొంతవరకు అర్థమవుతుంది. అక్కడ గెలిచేది ఎడ్ల జత అయినా ఉప్పొంగేది ఊరంతా. అయితే కోల్‌కతాలో ఆ "ఊరు" ఒకటి దేశ విభజనతో సరిహద్దుకు ఆవలే ఉండిపోయింది. ఈ వైరానికున్న తీవ్రతకు మూలం అదే. మరొక విశేషమేమంటే, ఈ పోటీని ఆడి గెలిపించిన వారిలో హైదరాబాదు, సికింద్రాబాదుల నుండి వెళ్ళిన ఆటగాళ్ళు ఎందరో ఉన్నారు.

నేపథ్యం

మోహన్ బగాన్ క్లబ్బు 1889 ఆగస్టు 15న ఏర్పడింది. 1911 జూలై 29న ఈ జట్టు ఐఎఫ్ఏ షీల్డు ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1 తేడాతో ఓడించింది. షీల్డును గెలిచిన తొలి భారతీయ జట్టు ఇదే. పదకొండు మందిలో ఒక్కరు తప్ప అందరూ వట్టి కాళ్ళతో ఆడారు. బంగ విభజనపై స్వదేశీ ఉద్యమం సాగిన రోజులు కావడం వల్ల ఆ విజయానికి ఆటను మించిన విలువ వచ్చింది. ఆనాటి ఆటగాళ్ళలో ఎక్కువమంది కుటుంబాలు తూర్పు బెంగాల్ నుండి వచ్చినవే. తరువాతి చరిత్ర చదివేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పుట్టుకకు కారణం ఒక అవమానం. 1920 జూలై 28న కూచ్ బెహార్ కప్పులో మోహన్ బగాన్‌తో ఆడిన జోరాబగాన్ జట్టు, తూర్పు బెంగాల్‌కు చెందిన శైలేష్ బోసును ఆటలోకి దించలేదు. ఆ క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి దీనిని ప్రశ్నించి, సమాధానం దొరకక, క్లబ్బు నుండి తప్పుకున్నాడు. కొద్దిమంది మిత్రులతో కలిసి ఆగస్టు 1న కొత్త క్లబ్బును స్థాపించి, దానికి తమ ప్రాంతం పేరే పెట్టాడు.

కలకత్తా లీగ్ మొదటి డివిజనులో రెండు భారతీయ జట్లకు మాత్రమే చోటు ఉండాలనేది అప్పటి నియమం. రెండవ డివిజనులో రాణించిన ఈస్ట్ బెంగాల్‌కు ప్రవేశం కల్పించే విషయం సంఘం ముందుకు వచ్చినప్పుడు బ్రిటిష్ క్లబ్బులు అంగీకరించగా, అప్పటికే లోపల ఉన్న మోహన్ బగాన్, ఆర్యన్ క్లబ్బులు వ్యతిరేకించాయి. నియమం సడలి 1925లో ఈస్ట్ బెంగాల్ లీగులో అడుగుపెట్టింది. ఆ ఏడాది మే 28న జరిగిన తొలి లీగ్ డెర్బీలో మోహన్ బగాన్‌ను 1-0తో ఓడించింది. అంతకుముందు 1921 ఆగస్టులో కూచ్ బెహార్ కప్పులో ఈ రెండు జట్లు మొదటిసారి తలపడినప్పుడు ఆట 0-0గా ముగిసింది.

ఘోటీలు, బాంగాళ్ళు

పశ్చిమ బెంగాల్ స్థానికులను ఘోటీలని, తూర్పు నుండి వచ్చినవారిని బాంగాళ్ళని పిలవడం కలకత్తాలో పాత వాడుక. యాసలో, వంటలో, పెళ్ళి ఆచారాలలో భేదాలను పట్టుకుని ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు. 1947లో దేశ విభజన జరగడంతో ఈ పరిహాసానికి వేరే బరువు వచ్చింది. లక్షలాది మంది ఇల్లూ వాకిలీ వదిలి కలకత్తా చేరారు. జాదవ్‌పూర్ వంటి ప్రాంతాలలో ఖాళీ స్థలాలలో గుడిసెలు వేసుకుని కాలనీలు కట్టుకున్నారు. వారు విడిచివచ్చిన ప్రాంతం తూర్పు పాకిస్తాన్ అయింది. కలకత్తాలో ఆ పాత పేరును సగర్వంగా పెట్టుకుని మైదానంలోకి దిగేది ఒక్క ఫుట్‌బాల్ జట్టే. ఆ జట్టు గెలిస్తే కాందిశీకుడు ఆ సాయంత్రం తలెత్తుకుని నడిచేవాడు. ఈస్ట్ బెంగాల్ అభిమానానికి అసలు కారణం ఎరుపు, పసుపు రంగుల చొక్కా కన్నా ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఈ భేదం చేపల బజారు దాకా పాకింది. ఈస్ట్ బెంగాల్ గెలిచిన రోజున ఇలిష్ (మన పులస జాతి చేప), మోహన్ బగాన్ గెలిచిన రోజున పెద్ద రొయ్యలు ప్రియమవుతాయని ప్రతీతి. నేటి తరంలో ఇరువైపుల వారి మధ్య పెళ్ళిళ్ళు సర్వసాధారణం కనుక, ఒకే ఇంట రెండు జట్ల అభిమానులుండడం విశేషం కాదు.

తెలుగునాట నుండి వెళ్ళిన ఆటగాళ్ళు

ఘోటీ, బాంగాళ్ భేదం అభిమానులదే గాని ఆటగాళ్ళది కాదు. 1949 నుండి కొన్నేళ్ళపాటు ఈస్ట్ బెంగాల్‌కు విజయాలు తెచ్చి "పంచ పాండవులు"గా పేరొందిన ముందు వరుస ఆటగాళ్ళు ఐదుగురూ దక్షిణాది వారే: అహ్మద్ ఖాన్, సాలె, వెంకటేశ్, ధనరాజ్, పేరు వినగానే తెలుగువారికి ఆత్మీయంగా తోచే అప్పారావు. ఆ జట్టు 1949, 1950, 1951 సంవత్సరాలలో వరుసగా ఐఎఫ్ఏ షీల్డును గెలుచుకుంది.

అదే కాలంలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బెంగాల్ క్లబ్బులకు గట్టి పోటీగా నిలిచింది. 1950 డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఆ జట్టుకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం (1909-1963). వృత్తిరీత్యా ఆయన పాఠశాల ఉపాధ్యాయుడు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగవ స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణ పతకానికి నడిపించినది ఆయనే.

హైదరాబాదులో ఆట ఉన్నా, కలకత్తాలో ఉన్నంత జనాదరణ, రాబడి లేవు. అందువల్ల అక్కడి మేటి ఆటగాళ్ళు కలకత్తాకు తరలిపోవడం రివాజయింది. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో 1936లో జన్మించిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. 1961లో నాయకుడిగా జట్టుకు కలకత్తా లీగ్ సాధించాడు. రోమ్ ఒలింపిక్స్ (1960)లో హంగరీ, పెరూ జట్లపై గోల్స్ చేశాడు. భారత జట్టులో తనతో కలిసి ఆడిన చునీ గోస్వామి డెర్బీలో మోహన్ బగాన్ తరఫున ఎదురుపడేవాడు. బలరాం మోహన్ బగాన్‌కు ఎన్నడూ ఆడలేదు. ఆట మానిన తరువాత కూడా బెంగాల్‌లోనే స్థిరపడి 2023 ఫిబ్రవరి 16న మరణించాడు.

అందుకు భిన్నంగా రెండు జట్లకూ ఆడినవారు చాలామంది. గోల్ కీపర్ పీటర్ తంగరాజ్, 1970 ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన భారత జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వీరిలో ముఖ్యులు. అందరిలోకి బెంగాలీలు ఎక్కువగా తలచుకునేది మహమ్మద్ హబీబ్‌ను (1949-2023). "బడే మియా" అని పిలువబడిన హబీబ్ 1966లో ఈస్ట్ బెంగాల్‌లో చేరి, దాదాపు రెండు దశాబ్దాలపాటు ఇటూ అటూ మారుతూ, మధ్యలో మహమ్మడన్ స్పోర్టింగ్‌కు కూడా ఆడాడు. తోటి ఆటగాళ్ళు బ్యాంకుల్లో, రైల్వేల్లో ఉద్యోగాలు చేసుకుంటూ ఆడుతున్న రోజులలో ఆయన ఆటనే వృత్తిగా చేసుకున్నాడు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుపై మోహన్ బగాన్ తరఫున ఒక గోల్ చేశాడు. ఆ ఆట 2-2గా ముగిసింది. ఆయన తమ్ముడు అక్బర్ 1976 జూలై 24న మోహన్ బగాన్ తరఫున ఆట మొదలైన 17వ సెకనులోనే గోల్ చేశాడు. డెర్బీ చరిత్రలో అతి వేగవంతమైన గోల్‌గా దానిని చెబుతారు.

ఆటగాళ్ళు క్లబ్బు మారే ఋతువులో, సంతకం అయ్యేవరకు ఎదుటి పక్షం కంటపడకుండా వారిని దాచిపెట్టడం ఆ రోజులలో మామూలు. ఈ ముచ్చట్లు పత్రికలలో ఆటకన్నా రసవత్తరంగా వచ్చేవి.

ప్రసిద్ధ పోటీలు

1975 సెప్టెంబరు 30న ఐఎఫ్ఏ షీల్డు ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ 5-0తో గెలిచింది. ఆ ఓటమిని తట్టుకోలేక మోహన్ బగాన్ అభిమాని అయిన ఒక యువకుడు ప్రాణం తీసుకున్నాడు.

1997 జూలై 13న సాల్ట్ లేక్ స్టేడియంలో జరిగిన ఫెడరేషన్ కప్పు సెమీఫైనల్‌కు 1,31,781 మంది ప్రేక్షకులు హాజరయ్యారు. ఆటకు ముందు మోహన్ బగాన్ శిక్షకుడు అమల్ దత్తా ప్రత్యర్థి ఆటగాళ్ళ పేర్లను వెక్కిరించాడు. సోసోను శశా (దోసకాయ) అని, ఒమోలోను ఆమ్లెట్ అని అన్నాడు. పి.కె. బెనర్జీ శిక్షణలోని ఈస్ట్ బెంగాల్ 4-1తో బదులిచ్చింది. భైచుంగ్ భూటియా మూడు గోల్స్ చేశాడు. 2009 అక్టోబరు 25న మోహన్ బగాన్ 5-3తో గెలిచింది. అందులో చిడి ఎదే ఒక్కడే నాలుగు గోల్స్ చేశాడు.

1980 ఆగస్టు 16 విషాదం

ఈ పోటీ చరిత్రలో మాయని మచ్చ ఇది. ఈడెన్ గార్డెన్స్‌లో కలకత్తా లీగ్ ఆట జరుగుతుండగా ఇరు జట్ల ఆటగాళ్ళు ఇద్దరు ఘర్షణపడి బయటకు పంపబడ్డారు. దానితో ప్రేక్షకుల మధ్య కొట్లాట చెలరేగింది. రాళ్ళు రువ్వుకున్నారు. తప్పించుకోబోయి మెట్ల మీద, ఇరుకు దారులలో తొక్కిసలాటలో పడి 16 మంది మరణించారు. ఇంటి నుండి ఆట చూడడానికి బయలుదేరినవారు తిరిగి రాలేదు. ఆటగాళ్ళ తప్పిదం కొంత, అభిమానుల ఆవేశం కొంత ఉన్నా, అంత జనాన్ని అదుపులో ఉంచి క్షేమంగా బయటకు పంపే ఏర్పాటు లేకపోవడాన్ని తక్కువగా చూడరాదు. ఏటా ఆగస్టు 16న కోల్‌కతాలో ఫుట్‌బాల్ ప్రేమికుల దినం జరిపి రక్తదాన శిబిరాలు నిర్వహిస్తూ వచ్చారు.

హింస దానితో పూర్తిగా ఆగలేదు. 2012 డిసెంబరు 9న ప్రేక్షకులు విసిరిన రాయి తగిలి మోహన్ బగాన్ ఆటగాడు రహీం నబీ గాయపడ్డాడు. ఆట మధ్యలోనే నిలిచిపోయింది.

ఇటీవలి కాలం

2020లో రెండు క్లబ్బులూ ఇండియన్ సూపర్ లీగ్‌లో చేరాయి. ఆ లీగులో తొలి డెర్బీ 2020 నవంబరు 27న, కోవిడ్ కారణంగా గోవాలో, ప్రేక్షకులు లేని మైదానంలో జరిగింది. మోహన్ బగాన్ 2-0తో గెలిచింది. 2023 డ్యూరాండ్ కప్పు ఫైనల్లోనూ ఆ జట్టే 1-0తో నెగ్గింది.

2024 ఆగస్టు 18న జరగవలసిన డ్యూరాండ్ కప్పు డెర్బీ రద్దయింది. ఆ నెల 9న కోల్‌కతా ఆర్.జి. కర్ వైద్య కళాశాలలో శిక్షణలో ఉన్న వైద్యురాలు అత్యాచారానికి, హత్యకు గురికావడంపై నగరమంతటా నిరసనలు సాగుతుండగా, బందోబస్తుకు పోలీసులు చాలరని అధికారులు కారణం చెప్పారు. ఆట లేకపోయినా అభిమానులు సాల్ట్ లేక్ స్టేడియం వద్దకు చేరారు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ జెండాలు పట్టుకున్నవారు ఒకే గుంపుగా నిలబడి ఆమెకు న్యాయం కావాలని నినదించారు. పోలీసులు లాఠీలు ఝళిపించినప్పుడు దెబ్బలు తిన్నవారిలో అన్ని జట్ల అభిమానులూ ఉన్నారు.