పుట్టపర్తి రన్‌వే, దేవనహళ్లి గీత

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతానికి విమానాశ్రయం లేదని చాలామంది అనుకుంటారు. ఉంది, అదీ ముప్పయ్యేళ్లకు పైగా. 1990 నవంబరు 24న, సత్యసాయిబాబా పుట్టినరోజు మర్నాడు, పుట్టపర్తిలో దాన్ని ప్రారంభించారు. కట్టించింది ప్రభుత్వం కాదు, సత్యసాయి సెంట్రల్ ట్రస్టు. మరుసటి ఏడాది సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి, 2000లో ప్రశాంతి నిలయం రైల్వేస్టేషన్ వచ్చాయి. అప్పట్లో విమానాశ్రయమైనా, రైల్వేస్టేషనైనా ప్రధానంగా భక్తుల రాకపోకల కోసమే.

రన్‌వే పొడవు 2,230 మీటర్లు. ఏ320 రకం విమానాలకు సరిపోతుంది. షెడ్యూల్ సర్వీసులు కొన్నాళ్లు నడిచి ఆగిపోయాయి. 2011లో బాబా పరమపదించాక ఏటా పండగ రోజుల్లో తప్ప అక్కడ పెద్దగా సందడి లేదు. 2025 నవంబరులో శతజయంతికి ప్రధాని, రాష్ట్రపతి వచ్చినప్పుడు మళ్లీ కళకళలాడింది.

ఈలోగా అవసరం స్వరూపమే మారిపోయింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం వచ్చింది. 2019లో అక్కడి నుంచి కార్లు బయటికొచ్చాయి. కొరియా ఇంజినీర్లు, విడిభాగాల కంపెనీలు, ధర్మవరం పట్టు కొనే వ్యాపారులు, హిందూపురం పారిశ్రామికవాడకు వచ్చిపోయేవాళ్లు, అందరికీ దారి 44వ నంబరు జాతీయ రహదారే, దిగేది బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లిలోనే. మరి పుట్టపర్తినే అంతర్జాతీయ స్థాయికి ఎందుకు పెంచరు?

రన్‌వే పొడిగించడం, టెర్మినల్ పెంచడం అసాధ్యమేమీ కాదు. గన్నవరానికి 2017లో అంతర్జాతీయ హోదా ఇచ్చి, మరుసటి ఏడాది డిసెంబరులో సింగపూరు విమానం ఎగరేశారు, ఆ తర్వాత రన్‌వేను 3,360 మీటర్లకు పొడిగించారు. హోదాతోనే పని జరిగిపోదనడానికి తిరుపతి ఉంది: 2017లోనే అక్కడా బోర్డు మారింది, విదేశాలకు రోజువారీ విమానం మాత్రం రాలేదు. పుట్టపర్తి ఇబ్బంది వేరు. 2004లో బెంగళూరు విమానాశ్రయ సంస్థతో కేంద్రం రాసుకున్న ఒప్పందంలో ఒక షరతు ఉంది. దేవనహళ్లికి ఆకాశ దూరంలో 150 కిలోమీటర్ల లోపల, మైసూరు, హాసన్ మినహా, ఏ విమానాశ్రయాన్నీ అది మొదలైన నాటి నుంచి 25 ఏళ్లపాటు అంతర్జాతీయ స్థాయికి పెంచకూడదు. పుట్టపర్తి అక్కడికి వంద కిలోమీటర్ల పైచిలుకే. దేవనహళ్లి 2008 మేలో మొదలైంది కనుక గడువు 2033 దాకా ఉంది. 2024లో తమిళనాడు హోసూరులో పెద్ద విమానాశ్రయం కడతామంటే ముందుగా వినిపించిన అడ్డంకి ఇదే.

ఇక్కడో వింత కూడా ఉంది. దేశానికి కస్టమ్స్ అధికారులను తయారుచేసే అకాడమీ ప్రాంగణాన్ని 2024 జనవరిలో ప్రారంభించింది పుట్టపర్తి ఉన్న శ్రీసత్యసాయి జిల్లాలోని పాలసముద్రంలోనే. వాళ్లు కూర్చోవడానికి జిల్లాలో ఒక్క అంతర్జాతీయ విమానాశ్రయ కౌంటరూ లేదు!

షరతు ఉన్నంత మాత్రాన దారులన్నీ మూసుకుపోలేదు. హైదరాబాదుకూ అలాంటి 150 కిలోమీటర్ల గీతే ఉంది. అయినా వరంగల్ మామునూరుకు శంషాబాద్ విమానాశ్రయ నిర్వాహకుల నుంచి అభ్యంతరం లేదనిపించుకుని, 2025లో కేంద్రం అనుమతి తెచ్చుకున్నారు. అది అంతర్జాతీయ హోదా కోసం కాదు, కనుక పోలిక పూర్తిగా కుదరదు. పుట్టపర్తికి ఇప్పటికైతే దేశీయ సర్వీసులు, సరుకు విమానాలు అడగడమే నయమని నా అభిప్రాయం. వాటికి ఆ షరతు అడ్డు కాదు. అయితే అవి నిలదొక్కుకోవాలంటే, బెంగళూరుకు కారులో పోయే ప్రయాణికుడు ముందు పుట్టపర్తి వైపు తిరగాలి.