ఆష్‌వెల్ చర్చి గోడమీది రాతలు

పల్లెటూరి చర్చిల చరిత్ర రాసేవారు సాధారణంగా అది ఏ మఠం కిందిదో, తోరణాలు ఏ శైలివో చెప్పి ఊరుకుంటారు. ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్ కౌంటీలోని ఆష్‌వెల్ గ్రామపు సెయింట్ మేరీ చర్చిని ఈ పద్ధతిలో చూస్తే సగమే కనబడుతుందని నా అభిప్రాయం.

మధ్యయుగాల్లో ఆ ఊరు వెస్ట్‌మినిస్టర్ మఠం ఆస్తి. చర్చి చాలామట్టుకు 14వ శతాబ్దపు కట్టడం. గోపురం ఎత్తు 176 అడుగులు. కట్టడానికి వాడింది క్లంచ్ అనే మెత్తని సుద్దరాయి; అది చాకుమొనకు సులువుగా లొంగుతుంది. అందుకే లోపలి గోడలమీద ఎన్నో గీతలు మిగిలాయి: లండన్ నగరపు పాత సెయింట్ పాల్ కేథడ్రల్‌దని భావించే బొమ్మ, మూలలు సరిగా కుదరలేదని ఛీకొట్టినట్టుగా చదివే ఒక లాటిన్ వాక్యం, గోపురం లోపల 1350 నాటి ప్లేగునూ, 1362 జనవరి 15 నాటి పెనుగాలినీ తలుచుకునే పంక్తులు.

ఈ ప్లేగు పంక్తులు ప్రజల ఆర్తనాదమని చాలామంది అంటారు. నేనూ ఎంతోకాలం తరగతిలో అలాగే చెప్పాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అవి లాటిన్ పంక్తులు. ఆనాటి పల్లెలో లాటిన్ రాయగలవాడు నాగలి పట్టినవాడు కాడు. పైగా, చావగా మిగిలినవారిని అతడు హీనజనమన్నాడు.

ఆ హీనజనం ఏం చేశారు? 1348–49లో ఇంగ్లండు జనాభాలో కనీసం మూడోవంతు నశించింది. పనిచేసే చేతులు తగ్గేసరికి మిగిలినవారు కూలి పెంచమన్నారు. పాలకులు 1349లో ఉత్తర్వు, 1351లో చట్టం తెచ్చారు. కూలి ప్లేగుకు ముందున్నంతే ఉండాలన్నారు: రాతిపని పెద్ద మేస్త్రీకి రోజుకు 4 పెన్నీలు, తక్కిన రాతిపనివారికి 3. అంతకు మించి అడిగేవారే లేకపోతే, ఇంతేనని శాసించే అవసరమేమిటి? ప్రజల గొంతు నాకు గోడమీద కాదు, ఈ చట్టంలో వినిపిస్తుంది, అదీ శత్రువు నోటి గుండా. 1381లో ఆ గొంతే రైతుల తిరుగుబాటయింది. ఆ ఏడు జూలై 15న, ఆష్‌వెల్ ఉన్న కౌంటీలోనే, సెయింట్ ఆల్బన్స్‌లో, తిరుగుబాటు బోధకుడు జాన్ బాల్‌ను ఉరితీశారు.

ఇప్పుడు నేను విద్యార్థుల ముందు ఆ గోడరాతనూ ఈ చట్టాన్నీ పక్కపక్కన పెడతాను. రాసిందెవరు, ఎవరిని గురించి రాశారు అని అడుగుతాను. ఆ తర్వాతే తోరణాల సంగతి.