జమానతు ఎవరిది?

అప్పు కాగితము మీద మూడు సంతకములుండును. ఒకటి పుచ్చుకొనువానిది, ఒకటి ఇచ్చువానిది, మూడవది పూచీపడువానిది. ఈ మూడవవానిని మన ప్రాంతమున జమానతుదారుడందురు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలో చిన్న వ్యాపారములు చేసికొని బ్రతుకు ముస్లిము కుటుంబముల చరిత్రను పరికించినచో, అది చాలవరకు ఈ మూడవ సంతకమును వెదకికొనిన చరిత్రయే అని మాకు తోచుచున్నది.

ముందుగా ఈ సీమను గూర్చి ఒక మాట. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల ప్రాంతమును నడిగడ్డ అందురు. కృష్ణకు ఉత్తరపు ఒడ్డున వనపర్తి. దానికి ఈశాన్యముగా నాగర్‌కర్నూలు. గద్వాల, వనపర్తి నిజాము ప్రభుత్వమునకు కప్పము చెల్లించుచు తమ ఇలాకాను తామే ఏలుకొనిన సంస్థానములు. నాగర్‌కర్నూలు సర్కారు తాలూకా. ఈ ఊరి పేరునకు జనులు చెప్పుకొను కథలలో ఒకదాని యందు బండ్ల ఇరుసులకు పూయు కందెన వచ్చును. కథ నిజమో కాదో గాని, బండ్లు ఆగిన చోట కందెన అమ్మిన చిన్న వర్తకుని సరకు ఒక ఊరికి పేరైనదనుట మాకు ముచ్చటగా నున్నది. ఈ మూడును చిరకాలము మహబూబ్‌నగరు జిల్లాలో నుండి, 2016 అక్టోబరు 11వ తేదీన వేరువేరు జిల్లాలకు కేంద్రములైనవి.

2011 జనాభా లెక్కల నాటికి తెలంగాణ జిల్లాలన్నిటిలో కలిపి ముస్లిములు నూటికి పన్నెండుగురికి పైగా నుండగా, పాత మహబూబ్‌నగరు జిల్లాలో ఎనిమిదిమందికి దగ్గరగా ఉన్నారు. హైదరాబాదులో వలె ఇక్కడ వారు పెద్ద పెద్ద పేటలుగా లేరు. ఊరూర కొన్ని ఇండ్లు. దూది ఏకుట, గిన్నెలకు కళాయి పూయుట, గాజులమ్ముట, బట్టలు కుట్టుట, జట్కా తోలుట—ఇవి పాత వృత్తులు. సైకిలు దుకాణము, మోటారు మరమ్మతు, పండ్ల బండి, హోటలు తరువాత వచ్చినవి. వీనికన్నిటికిని సమానమైన లక్షణము ఒకటున్నది. పెట్టుబడి అంతయు సరకులోనో పనిముట్టులోనో చేతి నేర్పులోనో ఉండును. పట్టా భూమి మాత్రము సాధారణముగా ఉండదు. అప్పిచ్చువాడు మొదట అడుగునది పట్టాయే.

సంస్థానముల కాలమున ఈ కుటుంబములలో కొన్నింటికి దొర కొలువే ఆధారము. వనపర్తి ప్రభువు పంతొమ్మిదవ శతాబ్దమున ఆఫ్రికా దేశస్థులను తన అశ్వదళమున చేర్చుకొనినాడు. ఆ దళము తరువాత నిజాము కొలువునకు చేరినది. హైదరాబాదులో నేటికిని ఏ.సి. గార్డ్స్ అని పిలువబడు పేట వారి పేరున వెలసినదే. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనుటకు అది పొట్టిరూపము. నగరమున ఆ వీధిలో నడచువారిలో ఎందరికి వనపర్తి జ్ఞప్తికి వచ్చునో! సిపాయిలు, బంట్రోతులు, గుర్రపువాండ్రు, దర్జీలు—వీరికి అప్పు కావలసినపుడు కొలువే జమానతు. జీతము వచ్చునను నమ్మకముతో షావుకారు ఇచ్చును. కొలువు లేనివానికి నగ తాకట్టు. నగ కూడ లేనివానికి రోహిలాలు, అరబ్బులు ఉండనే ఉండిరి. వీరి వడ్డీయు, వసూలు చేయు తీరును నిజాము రాజ్యమున ఎంత అపకీర్తి పొందినవో వేరుగా చెప్పనక్కరలేదు. అప్పిచ్చువాడు తమ మతస్థుడే యైనంత మాత్రమున బీదవానికి ఊరట కలుగలేదు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమున చేరినది. 1949లో జాగీర్ల రద్దు శాసనము వచ్చినది, సంస్థానములును ముగిసినవి. ఆ సంస్కరణ న్యాయమైనదే, మేలైనదే. కాని గడీలను, కచ్చేరీలను ఆశ్రయించి బ్రతికిన చిన్న నౌకరులకు, వారు హిందువులు కానిండు, ముస్లిములు కానిండు, నెలజీతము పోయినది. కచ్చేరీ భాషగా ఉర్దూ స్థానమును క్రమముగా ఇంగ్లీషు, తెలుగు తీసికొనినవి. ఉర్దూ చదువుతో గుమాస్తా పని దొరకుట కష్టమైనది. నౌకరీ వదలి అంగడి పట్టుకొనిన తరము ఇది. అంగడికి పెట్టుబడి కావలెను. వెనుకటి జమానతు, అనగా కొలువు, ఇపుడు లేదు.

సహకార సంఘములు లేకపోలేదు. బ్రిటిషు ఇండియాలో 1904లో సహకార పరపతి శాసనము వచ్చినది. హైదరాబాదు రాజ్యమున 1914లో, ఫసలీ 1323లో, అటువంటి శాసనము చేయబడినది. దీని మూలము జర్మనీలో నున్నది. రైఫైజెన్ అను గ్రామాధికారి 1864లో అచటి రైతులను కూడగట్టి, ఒకరి అప్పునకు అందరును బాధ్యులగునట్లు సంఘము నెలకొల్పినాడు. ఆ యూరిలో మూడవ సంతకము ఊరిదే అయినది. ఎంత చక్కని ఊహ! కాని ఆ ఊహ దక్కనునకు వచ్చుసరికి రైతు కొరకు, అందును శిస్తు కట్టు పట్టాదారు కొరకు మలచబడినది. ఆ రైతుకైనను అందినదెంత? గోర్వాలా అధ్యక్షతన 1951-52లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి పరిశీలన, 1954లో నివేదికను ప్రకటించినది. దాని ప్రకారము రైతులు తెచ్చుకొనిన అప్పులలో సహకార సంఘములు ఇచ్చినది నూటికి 3.1 వంతులు మాత్రమే. రైతు గతియే ఇట్లుండగా కళాయి పూయువానిని తలచువారెవరు?

ఇచట గద్వాల నేతవారిని పోల్చి చూడవలసియున్నది. గద్వాల చీర నడుము నూలు, అంచు కొంగు పట్టు. రెండింటిని మగ్గముపైననే పోగు పోగుకు ముడివేసి కలుపుదురు. ఇది అందరెరిగినదే. నేతగాండ్రకు సహకార సంఘము కుదిరినచోట సంఘమే నూలు, పట్టు ఇచ్చి, చీర తీసికొని, కూలి ముట్టజెప్పును. అప్పు నూలు రూపమున పోయి చీర రూపమున తిరిగి వచ్చును గనుక అచట పట్టా అడుగవలసిన పని లేదు. నేతవారి కష్టములు తీరినవని మేమనుట లేదు. మగ్గము వదలి షావుకారు కూలికి నేసినవారు, వలసపోయినవారు ఎందరో కలరు. కాని వారికి ఒకే వృత్తి, ఒకే సరకు, ఒకే బజారు ఉండుటచేత సంఘము కట్టుకొనుటకు వీలైనది. ముస్లిము చిరువ్యాపారులలో ఒకడు దర్జీ, ఒకడు గాజులవాడు, ఒకడు పండ్లవాడు. వృత్తి పేరిట వారు కలియుటకు వీలులేదు. మతము పేరిట కలియుదురా అనిన, ఇస్లాము వడ్డీని నిషేధించుటచేత, నిష్ఠగల వారికి వడ్డీ సంఘమున చేరుటకే సంకోచము.

ఈ చిక్కును విడదీయుటకు హైదరాబాదు నగరమున కొందరు వడ్డీలేని అప్పుల సంఘములు నడిపిరి. ఉస్మానియాలో చదివి, అచటనే బోధించి, తరువాత ప్యారిసులో స్థిరపడిన పండితుడు ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) ఈ సంఘములను గూర్చి వ్రాసి ఇతర దేశములవారికి తెలియజేసినాడు. నేడు ప్రపంచమున పలుచోట్ల ఇస్లామిక్ బ్యాంకులు వెలసినవి. వాని పూర్వచరిత్ర వ్రాయువారు మన హైదరాబాదును మరువరాదు.

చదువు సంగతికి వత్తము. అప్పుతో దీనికేమి సంబంధమని పాఠకులు అడుగవచ్చును. వనపర్తి సంస్థానములోని రాయణిపేటలో 1869లో పుట్టిన వెంకటరామారెడ్డి గారు హైదరాబాదు నగర కొత్వాలు పదవి నలంకరించిన రాజబహద్దరు. 1918లో ఆయన పూనికతో రెడ్డి హాస్టలు వెలసినది. అదే యేడు ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనము జరిగినది. గద్వాల సంస్థానమున పుట్టిన సురవరము ప్రతాపరెడ్డి గారు ఈ హాస్టలు బాధ్యతలు వహించిరి. ఆనాడు నిజాము రాజ్యమున తెలుగువారు సంఖ్యలో ఎక్కువ, కచ్చేరీలలో తక్కువ. పల్లె పిల్లవాడు పట్నము పోయి చదువుటకు తండ్రి పంట అమ్మినను చాలదు. తినుటకు తిండి, ఉండుటకు గది దొరికినచో చదువు సాగునను చిన్న విషయమును ఆ హాస్టలు స్థాపకులు గ్రహించినారు. ఒక వర్గమువారు ధనము పోగుచేసి తమ పిల్లలకు చేసికొనిన ఈ ఏర్పాటు విద్యార్థి వేతనము వంటిదే. అల్పసంఖ్యాకులు అను మాట ఒకే వర్గమునకు శాశ్వతముగా అంటియుండదనుటకు ఈ సీమ చరిత్రయే సాక్షి. ఆనాడు ఒకరు, తరువాత మరియొకరు.

1959లో వనపర్తి రాజభవనమున పాలిటెక్నిక్ నెలకొనినది. రాజు కొలువుండిన చోట లేతు యంత్రము, గీతల బల్ల వచ్చినవి. మోటారు మరమ్మతు చేయు ఇంటిలో ఒక పిల్లవాడు డిప్లొమా చేసినచో ఆ దుకాణము వేరొక మెట్టు ఎక్కును. కాని ఆ మూడేండ్లు తండ్రికి సహాయము చేయు చేతులు రెండు తగ్గును. దుకాణమున కుర్రవాని కూలి మిగిల్చుకొనుటయు ఒక విధమైన పెట్టుబడియే. అందుచేత విద్యార్థి వేతనము దానము కాదు. పనినుండి విడిపించిన ఆ చేతుల వెల. మా దృష్టిలో అప్పును, విద్యార్థి వేతనమును వేరుచేసి చూచు పరిపాలకులు ఈ లెక్కనే మరచుచున్నారు.

1969 జూలై 19వ తేదీన పెద్ద బ్యాంకులు జాతీయమైనవి. 1972లో అతిబీదలకు నూటికి నాలుగు వడ్డీతో, తాకట్టు లేకుండ, అప్పులిచ్చు పథకము వచ్చినది. 1975లో ప్రాంతీయ గ్రామీణ బ్యాంకుల పద్ధతి మొదలై, మహబూబ్‌నగరు జిల్లాకు సంగమేశ్వర గ్రామీణ బ్యాంకు ఏర్పడినది. 1985లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అల్పసంఖ్యాక వర్గముల ఆర్థిక సంస్థను నెలకొల్పినది. కేంద్రమున అటువంటి జాతీయ సంస్థ 1994లో వచ్చినది. పద్ధతి ఇది: వ్యాపారి దరఖాస్తు పెట్టును, కొంత భాగము సబ్సిడీగా సంస్థ ఇచ్చును, మిగిలినది బ్యాంకు అప్పు. అందుకు బ్యాంకు మేనేజరు సమ్మతి పత్రము కావలెను. సంస్థ జమానతు పడినట్లే కనబడును గాని, ఆ సమ్మతి పత్రము దగ్గర కథ మొదటికి వచ్చుచుండును. సబ్సిడీ ఉన్నది, అర్హత ఉన్నది, మేనేజరు సంతకము లేదు.

ఇది ఒక్క పాలమూరు సంగతి కాదు. జస్టిస్ రాజేంద్ర సచార్ అధ్యక్షతన 2005లో ఏర్పడిన సంఘము 2006 నవంబరులో ఇచ్చిన నివేదికలో, పనిచేయు ముస్లిములలో నూటికి సుమారు 61 మంది స్వంత వృత్తిమీద ఆధారపడినవారని తేల్చినది; హిందువులలో ఆ సంఖ్య సుమారు 55. అనగా అప్పు అవసరము వీరికే హెచ్చు. కాని జనాభాలో 13.4 శాతమైన వీరికి ప్రాధాన్య రంగమున బ్యాంకులు ఇచ్చిన సొమ్ములో దక్కినది ఐదు శాతము కంటె తక్కువ. కొన్ని బ్యాంకులు కొన్ని పేటలనే అప్పుకు తగని ప్రాంతములుగా గుర్తించినవని కూడ ఆ నివేదిక చెప్పినది. మనిషి మాట అటుంచి, వీధికే జమానతు లేకపోయినది.

ఆ నివేదిక తరువాత కేంద్రప్రభుత్వము మెట్రిక్కుకు ముందు, తరువాత చదువులకు వేతనములు మొదలిడినది. అవి చిన్న మొత్తములే; కాని చిన్న అంగడి ఇంటికి పుస్తకములు, బట్టల ఖర్చునకు సరిపోయినవి. 2022–23 నుండి మెట్రిక్కుకు ముందరి వేతనమును తొమ్మిది, పది తరగతులకే పరిమితము చేసినారు. ఎనిమిదవ తరగతి వరకు చదువు చట్టప్రకారము ఉచితమే కదా అనుట దానికి చెప్పిన కారణము. ఫీజు ఉచితమే, పిల్లవాని చేతుల వెల సంగతి పైన చెప్పియుంటిమి.

అప్పుల వైపున మాత్రము కొంత మార్పు వచ్చినది. పది లక్షల రూపాయలవరకు చిన్న పరిశ్రమలకు తాకట్టు అడుగరాదని 2010లో రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించినది. 2015లో ముద్రా అప్పులు, 2020లో వీధివర్తకులకు పదివేల రూపాయల తొలి అప్పు వచ్చినవి. ఈ చివరిది మాకు మిక్కిలి నచ్చినది. 2025లో మొత్తములు మార్చువరకు, పదివేలు సరిగా తీర్చినవానికి ఇరువదివేలు, అది తీర్చినచో ఏబదివేలు ఇచ్చుచుండిరి. ఇందులో మూడవ సంతకము బండివాడే పెట్టుకొనుచున్నాడు. తాను తీర్చిన నిన్నటి అప్పే రేపటి అప్పునకు జమానతు.

2023లో తెలంగాణ ప్రభుత్వము ఇందుకు భిన్నమైన దారి పట్టినది. బీద ముస్లిము, క్రైస్తవాది కుటుంబములవారికి లక్ష రూపాయలు పూర్తి సబ్సిడీగా, అనగా తిరిగి చెల్లింపనక్కరలేకుండ, ఇచ్చు పథకమును ప్రకటించినది. బ్యాంకు గుమ్మము తొక్కనక్కరలేదు గనుక పుచ్చుకొనినవానికి మేలే. కాని తిరిగి రాని సొమ్ము వరుసలో రెండవవానికి అందదు. పుచ్చుకొనినవానికి బ్యాంకు పుస్తకమున ఒక తీర్చిన అప్పు కూడ మిగులదు.

సంగమేశ్వర గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస బ్యాంకులో కలిసినది. 2025 జనవరి 1వ తేదీనుండి తెలంగాణలోని ఆ బ్యాంకు శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకు శాఖలైనవి. మొదటినుండి అందు ఖాతా కలిగియున్న పాత ఖాతాదారు పాసుపుస్తకము మీద ఇది మూడవ పేరు.