కాగజ్, సియాహీ, దాదీ తస్వీర్

మా ఇంట్లో దాదీ ఫొటో ఒక్కటే ఉంది. 1971లో దాదా ఇంతెఖాల్ అయ్యాక పెన్షన్ కాయితాల కోసం తీయించారు. దాదీ పర్దా పాటించే మనిషి. ఫొటోగ్రాఫర్ ముందు నఖాబ్ ఎత్తింది జిందగీలో ఆ ఒక్కసారే అని అబ్బా చెప్పేవారు. మూడు కాపీలు తీస్తే రెండు దఫ్తర్‌లకు పోయాయి. మిగిలింది పాస్‌పోర్ట్ సైజు బ్లాక్ అండ్ వైట్ ముక్క ఒక్కటి. నల్ల బుర్ఖా, నల్లటి వెనక తెర, మధ్యలో తెల్లగా ముఖం. వెనక పేరు లేదు, తారీఖు లేదు.

2006లో అబ్బా దాన్ని ఒక ల్యాబ్‌కి తీసుకెళ్లి పెద్దది చేయించారు. నిగనిగలాడే కాగజ్ మీద ఇంక్‌జెట్ ప్రింట్. కిటికీకి ఎదురుగా గోడకు పెట్టాం. ఆరేడేళ్లు తిరిగేసరికి తస్వీర్ అంతా నారింజ రంగుకు తిరిగింది. ‘దాదీకి కామెర్లు వచ్చినట్టుంది’ అన్నది మా చెల్లె. నవ్వాం గానీ అబ్బా నవ్వలేదు. ఆయన పోయేదాకా ఆ ఫ్రేము అట్లాగే ఉంది. మార్చమని ఆయన అడగలేదు, నాకూ తోచలేదు.

మొన్న అమ్మీ అడిగింది, మళ్లీ మంచిగా తీయించమని. అప్పుడు రేకు డబ్బాలో నుంచి అస్లీ ఫొటో బయటికి తీశాను. యాభై ఏళ్లు దాటిన ముక్క. అంచుల్లో నలుపు మీద చాందీ పూసినట్టు కొంచెం మెరుపు వచ్చింది, అంతే. ముఖం చెక్కుచెదరలేదు. యాభై ఏళ్ల కిందటిది నిలిచి, నిన్నమొన్నటిది ఎందుకు పోయింది? ఖబర్లు రాసే అలవాటు కదా, సవాల్ దొరికితే వదలను. తవ్వుతూ పోతే కథ బగ్దాద్ దాకా వెళ్లింది.

‘కాగితం’ మన మాటే అనుకుంటాం. అది ఫార్సీ ‘కాగజ్’ నుంచి వచ్చింది. ప్రింటింగ్ ప్రెస్సులో ‘రీము’ అంటామే, దాని మూలం అరబ్బీ ‘రిజ్మా’, అంటే కట్ట. ఇప్పుడు ఫొటో కాగజ్ అట్టపెట్టె మీద గొప్పగా రాసుకునే ‘కాటన్’ కూడా అరబ్బీ ‘ఖుత్న్’ నుంచే. చైనా వాళ్ల హునర్ సమర్‌ఖంద్ మీదుగా ఎనిమిదో సదీ చివరికల్లా బగ్దాద్ చేరింది. అక్కణ్నించి మరికొన్ని సదీలకు యూరప్‌కు పోయింది. దక్కన్‌లో దౌలతాబాద్ పక్కనే కాగజీపురా అనే ఊరుంది. తుగ్లక్ రాజధానిని అక్కడికి మార్చినప్పుడు వచ్చిన కాగజీల వారసులమని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. నిజాం రాజ్యంలో ఉన్న ఊరే అది.

చేత్తో చేసిన కాగజ్ మీద కాతిబ్ నేరుగా రాయడు. రాస్తే సియాహీ పీల్చుకుని పాకుతుంది. అందుకని ముందు ఆహార్ పట్టిస్తారు. గంజి పూత, దాని మీద గుడ్డు తెల్లసొన, పటిక కలిపిన పూత. ఆరాక అఖీక్ రాయితో నున్నగా రుద్దుతారు. అప్పుడు సియాహీ లోపలికి దిగకుండా పైనే నిలుస్తుంది. తప్పు పడితే తడి గుడ్డతో తుడిచేసుకోవచ్చు. ఆ సియాహీ దీపం మసి, తుమ్మ జిగురు కలిపింది. మసి అంటే కార్బన్. ఎండకు, గాలికి దాని రంగు మారదు. వెయ్యేళ్ల కిందటి ముస్‌హఫ్‌లలో నలుపు ఇంకా నలుపుగానే ఉండటానికి అదొక కారణం.

ఈ రెండు సంగతులు గుర్తుంచుకోండి. కాగజ్ మీద పూత, సియాహీలో మసి. తర్వాతి కథంతా వీటి చుట్టే తిరుగుతుంది.

1850లో ఫ్రాన్స్‌లో బ్లాంకార్-ఎవ్రార్ అనే ఆయన ఆల్బ్యుమెన్ కాగజ్ తెచ్చాడు. ఆల్బ్యుమెన్ అంటే అదే గుడ్డు తెల్లసొన. ఉప్పు కలిపిన తెల్లసొన కాగజ్ మీద పరిచి, వెండి లవణంలో తేల్చి, గాజు నెగెటివ్ కింద పెట్టి ఎండలో ఉంచితే తస్వీర్ తేలుతుంది. ఈ వ్యాపారం ఎంత పెరిగిందంటే, జర్మనీలో డ్రెస్డెన్ నగరంలోని ఒక్క కంపెనీ 1888లో 18,674 రీములు తయారుచేసింది. ఒక్కో రీముకు 27 డజన్ల గుడ్లు. లెక్క వేస్తే ఏడాదికి 60 లక్షల గుడ్లు పైనే!

మన హైదరాబాద్ పాత తస్వీర్లు ఎక్కువగా ఈ కాగజ్ మీదివే. రాజా దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బార్‌కు చేరాడు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచాడు. నిజాం ఆయనకు ‘ముసవ్విర్ జంగ్’ ఖితాబు ఇచ్చాడు. 1892లో ఆయన పర్దా ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో కూడా పెట్టాడు. మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆమె దాన్ని నడిపింది. లోపల మగవాడి నీడ కూడా పడకుండా బందోబస్త్. దాని గురించి చదివినప్పుడల్లా నాకు దాదీ గుర్తొస్తుంది. ఎనభై ఏళ్ల తర్వాత ఆమెకు ఆ సదుపాయం లేదు.

ఆల్బ్యుమెన్ తస్వీర్లలో తెల్లటి చోట్లు మెల్లగా పసుపెక్కుతాయి. దాంతో 1880ల నుంచి జెలటిన్ కాగజ్ వచ్చింది. అప్పుడే ఇంకో కొత్త పూత కూడా వచ్చింది, బరైటా. అది బేరియం సల్ఫేట్ అనే తెల్ల పొడి. దాన్ని జెలటిన్‌లో కలిపి కాగజ్ మీద పూస్తే గుంతలన్నీ పూడి నున్నటి సఫేద్ నేల తయారవుతుంది. దాని మీద వెండి నలుపు ఎంతో లోతుగా కనిపిస్తుంది. మా దాదీ ఫొటో ఈ జాతిదే. అందులో నలుపు రంగు కాదు, లోహం. వెండి రేణువులు. అంచున కనిపించిన చాందీ మెరుపు ఆ వెండి పైకి తేలి వచ్చిందే. సరిగ్గా కడిగి ఆరబెట్టిన ఆ స్టూడియో అతనెవరో గానీ, అల్లా అతనికి మేలు చేయాలి.

ఇక ఇంక్‌జెట్ జమానా. 1991లో అమెరికాలో గ్రాహం నాష్ అనే గాయకుడు, ఫొటోగ్రాఫర్ కూడా, తన దోస్త్ మాక్ హోల్బర్ట్‌తో కలిసి కాలిఫోర్నియాలో నాష్ ఎడిషన్స్ పెట్టాడు. ప్రింటింగ్ ప్రెస్సులు ప్రూఫులు చూసుకోవడానికి వాడే ఐరిస్ మెషీన్‌ను తెచ్చి, అందులోకి మందపాటి చిత్రకళ కాగజ్ ఎక్కించాడు. అదే ఏడాది జాక్ డుగాన్ దీనికి ‘జిక్లే’ అనే పేరు పెట్టాడు. చిమ్మడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి తీసిన పేరు. తస్వీర్లు అద్భుతంగా వచ్చాయి. కానీ ఆ సియాహీ డై, అంటే నీళ్లలో కరిగే రంగు. ప్రూఫు వారం నిలిస్తే చాలని చేసిన రంగు అది, గోడ మీద ఏళ్లు నిలవమంటే ఎట్లా నిలుస్తుంది?

మా 2006 ప్రింట్ గుట్టు ఇక్కడే దొరికింది. డై రంగుకు వెలుతురుతో పాటు గాలి కూడా దుష్మన్. త్వరగా ఆరాలని ఆ నిగనిగల కాగజ్ పూతలో కంటికి కనిపించని రంధ్రాలు ఉంచుతారు. వాటిలోంచి గాలిలోని ఓజోన్ దూరి ముందు నీలాన్ని తినేస్తుంది. నీలం పోతే మిగిలేది ఎరుపూ పసుపూ, అంటే నారింజ. బ్లాక్ అండ్ వైట్ ప్రింట్‌లో బూడిద రంగు కోసం కూడా మెషీన్ ఈ రంగులే కలుపుతుంది. అందుకే దాదీకి కామెర్లు.

దీనికి ఇలాజ్ పిగ్మెంట్ సియాహీ. రంగు కరగదు, సన్నటి రేణువులుగా ఉంటుంది. 2000లో ఎప్సన్ స్టైలస్ ఫొటో 2000పి ఈ దారిలో వచ్చింది. 2005లో అదే కంపెనీ నలుపు, లేత నలుపు, మరీ లేత నలుపు అని మూడు నలుపులున్న కే3 సియాహీ తెచ్చింది. అప్పటి నుంచి బూడిద రంగులకు రంగుల మీద ఆధారపడటం బాగా తగ్గింది. ఇంతకీ ఆ నల్ల పిగ్మెంట్ ఏమిటి? కార్బన్. కాతిబ్ దీపం మసే! ఇది చదివి నేను కాసేపు కుర్చీలో అట్లాగే కూర్చున్నాను.

సియాహీ తేలింది. ఇక కాగజ్. ఎంపికలో చూడాల్సినవి మూడే అని నాకు అర్థమైంది.

మొదటిది ఒళ్లు. పత్తి కాగజ్ అయితే ఉమ్ర్ ఎక్కువ. మామూలు కట్టె గుజ్జులో లిగ్నిన్, ఆమ్లం ఉంటాయి. న్యూస్‌ప్రింట్ ఎండలో పెడితే ఎట్లా పసుపెక్కుతుందో పేపర్ ఆఫీసులో పనిచేసిన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. బాగా శుద్ధిచేసిన ఆల్ఫా సెల్యులోజ్ అయితే ఫర్వాలేదు.

రెండోది సఫేదీ. కొన్ని కాగజ్‌లు కళ్లు చెదిరేంత తెల్లగా ఉంటాయి. అందులో సబ్బు పొడిలో వేసే మెరుపు మందు లాంటిది కలుపుతారు. అది కంటికి కనిపించని అల్ట్రావయొలెట్ వెలుతురును పట్టి నీలంగా మెరుస్తుంది. ఏళ్లు గడిస్తే ఆ మందు చచ్చి అసలు పసుపు బయటపడుతుంది. పట్టుకోవడం ఆసాన్. దొంగ నోట్లు చూసే నీలం దీపం కింద పెట్టండి. అస్లీ నోటు కాగజ్ మసకగా ఉండి, నంబర్లూ సన్న పోగులూ మాత్రమే మెరుస్తాయి. మందు కలిపిన కాగజ్ మొత్తం మెరుస్తుంది. నేను మా గల్లీ చివరి బట్టల దుకాణం కౌంటర్ మీదే చూశాను. సేఠ్ నన్ను అనుమానంగా చూశాడు.

మూడోది పైపూత. మాట్ అయితే మెరుపు ఉండదు, ఏ మూల నుంచైనా చూడొచ్చు. కానీ నలుపు లోతు తక్కువ. లెక్కలో చెప్పాలంటే మాట్ నలుపు సాంద్రత 1.6 దగ్గర ఉంటుంది, అంటే పడిన వెలుతురులో దాదాపు రెండున్నర శాతం తిరిగొస్తుంది. బరైటా తరహా కాగజ్ మీద 2.3 దాకా పోతుంది, అంటే తిరిగొచ్చేది అర శాతమే. పైగా రెండింటికీ నల్ల సియాహీ వేరు. మాట్‌కు మాట్ బ్లాక్, మెరుపు కాగజ్‌కు ఫొటో బ్లాక్. తారుమారైతే నలుపు బూడిదవుతుంది. పూత ఏ వైపు ఉందో తెలియకపోతే మూలన తడి వేలు ఆనించండి, కొంచెం అంటుకునేదే పూత వైపు.

ఒక పిగ్మెంట్ మెషీన్ ఉన్న దోస్త్ దగ్గర రెండు రకాలు తీయించాను. ఒకటి హానెమ్యూలే ఫొటో రాగ్, 308 గ్రాముల పత్తి మాట్. ఆ జర్మనీ మిల్లు 1584 నుంచి నడుస్తోంది. మన చార్మినార్ కంటే ఏడేళ్లు పెద్దది! ఇంకోటి కాన్సన్ ప్లాటిన్ ఫైబర్ రాగ్, 310 గ్రాములు, ఇదీ పత్తే, కొంచెం మెరుపు, మెరుపు మందు లేనిది. ముక్క చిన్నది కాబట్టి ఐదు అంగుళాలకు ఏడు అంగుళాలు దాటించలేదు. కాగజ్ ఎంత గొప్పదైనా ఫొటోలో లేనిదాన్ని తేలేదు కదా.

ప్లాటిన్ మీద బుర్ఖా మడతలు ఒక్కొక్కటీ కనిపించాయి. తెర నలుపు వేరు, బుర్ఖా నలుపు వేరు. నాకు అదే నచ్చింది. మాట్‌లో రెండు నలుపులూ దాదాపు కలిసిపోయాయి.

పేర్లు చెప్పకుండా రెండూ అమ్మీ చేతిలో పెట్టాను. ఆమె కిటికీ దగ్గరికి వెళ్లింది, ట్యూబ్‌లైట్ కిందికి వచ్చింది. మాట్ తీసుకుంది.

‘దాంట్లో లైట్ కనిపిస్తుంది బేటా. దీంట్లో మీ దాదీ కనిపిస్తుంది’ అన్నది.

‘బుర్ఖా సరిగా రాలేదు కదా అమ్మీ?’

‘బుర్ఖాను ఎవరు చూస్తారు?’

ఇక గోడ సంగతి. తస్వీర్ వేలాడే ఇంట్లోకి ఫరిశ్తాలు రారని చాచా మొదటి నుంచీ అంటారు. అబ్బా ఉన్నప్పుడు ఈ మాట మీద అన్నదమ్ములు కొన్నాళ్లు మాట్లాడుకోలేదు కూడా. ఈసారి అమ్మీ గోడకు వద్దన్నది. చాచా మా ఇంటికి రావడం మానకూడదని ఆమె ఫికర్. చీకట్లో, మూత ఉన్న పెట్టెలో ప్రింట్ ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది కాబట్టి నేనూ వాదించలేదు. ఒక రోజంతా ఆరనిచ్చి, ఆమ్లం లేని కాగజ్ మధ్య పెట్టి పెట్టెలో ఉంచాం. మాట్ నలుపు వేలి గీతలకు లొంగిపోతుంది, అందుకే చుట్టూ వెడల్పుగా తెల్ల అంచు వదిలించాను, పట్టుకోవడానికి.

ప్లాటిన్ ప్రింట్ మిగిలిపోయింది. పోయిన జుమా రోజు చాచా వచ్చినప్పుడు బల్ల మీద చూశారు. చాలాసేపు చేతిలో పట్టుకున్నారు. ‘అమ్మా బుర్ఖాకు ఈ మూల కుట్టు ఉండేది, నాకు యాద్ ఉంది’ అన్నారు. తర్వాత దాన్ని ఉర్దూ అఖ్బార్‌లో చుట్టుకుంటుంటే ఆపి, న్యూస్‌ప్రింట్‌లో వద్దని మంచి కవర్ ఇచ్చాను. గోడకు పెట్టనని చెప్పి తీసుకెళ్లారు.

మన పెట్టెలోదానికి ఇంకో పని మిగిలింది. పెన్ను సియాహీ ముందువైపుకు దిగుతుందేమోనని మెత్తటి పెన్సిల్ తీసుకుని, వెనక తెల్ల అంచు దగ్గర దాదీ పేరు, అస్లీ ఫొటో సాలు, ఈ ప్రింట్ తారీఖు, కాగజ్, సియాహీ పేర్లు రాశాను. ముందు ఉర్దూలో రాశాను. మా పిల్లలకు ఉర్దూ చదవడం రాదు. కింద తెలుగులో కూడా రాశాను.