క్రియాటినిన్: ఒక అంకె వెనుక ఉన్న చరిత్ర

రక్తపరీక్ష ఫలితాల్లో సీరం క్రియాటినిన్ ‘నార్మల్’ అని కనబడగానే మూత్రపిండాలు క్షేమమని మీరు నిశ్చింత పడతారు. ఆ నిశ్చింత అన్నివేళలా సరైనది కాదు. ఎందుకో ఈ పరీక్ష చరిత్రే చెబుతుంది.

1832లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ మాంసరసం నుండి ఒక పదార్థాన్ని వేరుచేసి, మాంసమనే అర్థం గల గ్రీకు మాట ఆధారంగా దానికి క్రియాటిన్ అని పేరు పెట్టాడు. దాని నుండి ఏర్పడే మరో పదార్థాన్ని 1847లో జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ క్రియాటినిన్ అన్నాడు. మన కండరాల్లోని క్రియాటిన్ ప్రతిదినం కొంత క్రియాటినిన్‌గా మారి రక్తంలో చేరుతుంది. మూత్రపిండాలు దానిని వడగట్టి మూత్రంలోకి పంపుతాయి.

క్షారంతో కలిసిన పిక్రిక్ ఆమ్లం క్రియాటినిన్ తగిలితే ఎర్రబడుతుందని 1886లో యాఫే గమనించాడు. నేటికీ ఎన్నో ప్రయోగశాలలు ఈ రంగు ఆధారంగానే దానిని కొలుస్తున్నాయి. 1926లో డెన్మార్క్ శాస్త్రవేత్త రేబర్గ్ స్వయంగా క్రియాటినిన్ తాగి, తన రక్తాన్నీ మూత్రాన్నీ పరీక్షించి, మూత్రపిండాల వడపోతను అంచనా వేశాడు.

అయితే ఒక చిక్కు మిగిలింది. కండ ఎక్కువగా ఉన్నవారిలో క్రియాటినిన్ ఎక్కువ తయారవుతుంది. బక్కచిక్కిన వృద్ధులలో తక్కువ. అందువల్ల అంకె ఒకటే అయినా అర్థం ఒకటి కాదు. 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే వైద్యులు వయస్సు, బరువు, స్త్రీ పురుష భేదాలను లెక్కలోకి తీసుకొనే సూత్రాన్ని ప్రకటించారు. తరువాత వచ్చిన మెరుగైన సూత్రాల ఫలితమే నేడు మీరు చూసే ఈజీఎఫ్ఆర్.

ఒక ఉదాహరణ చూడండి. ఇరువురికీ క్రియాటినిన్ 1.1 అనుకుందాం. 2021 నాటి సూత్రం ప్రకారం 25 ఏళ్ల యువకుని ఈజీఎఫ్ఆర్ సుమారు 95. 70 ఏళ్ల స్త్రీకి అది సుమారు 54 మాత్రమే. 60 కంటె తక్కువ స్థితి మూడు నెలలకు పైబడి కొనసాగితే దానిని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిగా పరిగణిస్తారు. క్రియాటినిన్‌ను మాత్రమే చూసి ఉంటే ఆమె నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోయేది.

కనుక ఈసారి కాగితం చేతికి వచ్చినప్పుడు ఈజీఎఫ్ఆర్ ఎంత ఉందో అడగండి. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షను కూడా ఏటా చేయించుకోవాలి. ముందురోజు మాంసం ఎక్కువగా తిన్నా క్రియాటినిన్ కొంత పెరగవచ్చు. ఒక్కసారి పెరిగినంత మాత్రాన బెదిరిపోక, వైద్యుని సలహాతో మళ్లీ పరీక్ష చేయించుకోండి.